చాందా కోట నుంచి బల్లార్షా కోట దాకా నది వెంట నడక: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

వార్ధాగట్టు:
నమస్కారం. డిసెంబర్ మూడో వారంలో కాగజ్‌నగర్ నుంచి ఆరుగురం వస్తున్నాం. మహారాష్ట్రలోని బల్లార్షా కోట దగ్గర మొదలుపెట్టి, వార్ధా నది గట్టు పట్టుకుని ఎగువకు నడిచి, హడస్తీ దగ్గర ఇరాయి నది కలిసే చోటు నుంచి ఇరాయి గట్టు మీదుగా చంద్రపూర్ పఠాన్‌పురా దర్వాజాకు చేరాలని ఆలోచన. గోండు రాజుల రాజధాని మొదట మా సిర్పూర్, తర్వాత బల్లార్షా, ఆ తర్వాత చాందా (ఇప్పటి చంద్రపూర్) అంటారు కదా, ఆ వరుసలోనే నడవాలని కోరిక. రెండు ఊళ్ల మధ్య రోడ్డు 15 కిలోమీటర్లే కాబట్టి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరి, సాయంత్రం కోటగోడ చూసుకుని రాత్రి రైలెక్కవచ్చని లెక్క వేశాం.

ఆరుగురిలో ఇద్దరు అరవై దాటినవాళ్లు, ఒకడు పన్నెండేళ్ల పిల్లవాడు. అందరికీ రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు నడిచే అలవాటుంది. టెంట్లు వేయం, రాత్రికి లాడ్జిలోనే ఉంటాం. అడగాల్సినవి ఇవి: గట్టు పొడవునా నడవడానికి వీలుంటుందా? ఝర్పట్ నదిని ఎక్కడ దాటాలి? పులుల భయం ఎంతవరకు నిజం? దారిలో నీళ్లు దొరుకుతాయా? కోటలలో చూడకుండా వదిలేయకూడనివి ఏవి?


బండ్లబాట:
ముందు దూరం లెక్క మార్చుకోండి. 15 కిలోమీటర్లు హైవే మీద. నది వంపులు, మధ్యలో తగిలే నాలాలు, చేన్లు చుట్టుకుని పోవడం కలుపుకుంటే 20 నుంచి 22 కిలోమీటర్లు అనుకోవాలి. రోడ్డు మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లు రేగడి చేను గట్ల మీద మూడుకు మించి నడవలేరు. అంటే నడకే ఏడు గంటలు. పెద్దవాళ్లు, పిల్లవాడు ఉన్నారు కాబట్టి ఆగడాలకు ఇంకో గంటన్నర. డిసెంబర్‌లో పొద్దు ఆరున్నర దాటాక పొడిచి, ఐదున్నర ప్రాంతంలో గుంకుతుంది. మొదటి గంట, చివరి గంట నది పక్కన ఉండకూడదు, కారణం కింద ఎవరైనా వివరంగా చెబుతారు. ఇక మిగిలేది ఎనిమిదిన్నర గంటలు, సరిగ్గా అంతే. చంద్రపూర్ కోటగోడ చుట్టుకొలతే 11 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని అదే సాయంత్రం ఇరికిస్తే ఏదీ చూసినట్టు కాదు. రెండు రోజులు పెట్టుకోండి: మొదటి రోజు చంద్రపూర్ గోడ, దర్వాజాలు, సమాధులు, రెండో రోజు నది నడక.

దిశ కూడా తిప్పండి. రాజధాని కదిలిన వరుసలో నడవాలన్న కోరిక బాగుంది. ఉత్తరానికి నడిస్తే చలికాలపు ఎండ వీపు మీద పడుతుంది, ఆ సుఖమూ ఉంది. కానీ బల్లార్షాలో మొదలుపెడితే తుమ్మపొదలూ బొగ్గు గనులూ ఉన్న లాల్‌పేట వైపు ముక్క మీకు సరిగ్గా అలసిపోయిన సాయంత్రం తగులుతుంది. చంద్రపూర్‌లో మొదలుపెడితే అది పొద్దెక్కాక, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు అయిపోతుంది. చివర్లో బల్లార్షా కోట, కోట నుంచి ఆటో ఎక్కితే స్టేషన్. రైలు కోసం మళ్లీ వెనక్కి రావాల్సిన పని లేదు.

చంద్రపూర్ నుంచి వచ్చేటప్పుడు నదిని కుడిచేతికి ఉంచుకోండి. హైవే, రైలుకట్ట రెండూ ఎడమచేతి వైపే ఉంటాయి. ఇదొక్కటి గుర్తుంటే దారి తప్పినా భయం లేదు, ఎడమకు తిరిగి ఏ బండ్లబాట పట్టుకున్నా రోడ్డుకు తీసుకుపోతుంది. ఇక్కడ ఆ బాటను పాందణ్ అంటారు. చేలల్లో ఉన్నవాళ్లను «పాందణ్ రస్తా కుఠే?» అని అడిగితే చూపిస్తారు, తెలుగులో అడిగినా చాలామందికి అర్థమవుతుంది.

ఝర్పట్ గురించి. చంద్రపూర్ పాత ఊరికి పడమట ఇరాయి, తూర్పున ఝర్పట్, రెండూ ఊరికి దక్షిణాన కలుస్తాయి. పఠాన్‌పురా దర్వాజా దక్షిణాన ఉంది కదా అని అక్కడి నుంచి నేరుగా సంగమానికి దిగితే రెండు నదుల మధ్య ఇరుక్కుంటారు. నీళ్లు తక్కువున్నాయని సంగమం దగ్గర దాటే ప్రయత్నం అసలు చేయొద్దు. అది ఊరి మురుగంతా చేరే చోటు, అడుగున మోకాలి లోతు నల్లటి బురద. సంగమం మొదటి రోజే చూసేయండి. రెండో రోజు అచలేశ్వర్ దర్వాజా దగ్గర వంతెన మీద ఝర్పట్ దాటి, మహాకాళి గుడి మీదుగా బయల్దేరండి.

గట్టు పొడవునా వీలుండదు. వర్షాకాలం వరద అంచు అడుగు భాగాన్ని తొలిచేస్తుంది, పైన రేగడి మాత్రం అలాగే చూరులా నిలబడి ఉంటుంది. ఎండాక నెర్రెలిస్తుంది. చూడటానికి గట్టి నేలలా కనిపించేది మనిషి బరువుకు ఒక్కసారిగా విరిగి నదిలో పడుతుంది. అంచుకు కనీసం మూడు మీటర్లు ఇవతల నడవండి, అంచుకు సమాంతరంగా నెర్రె కనిపిస్తే దానికి ఇవతలికి రండి. నాలా నదిలో కలిసే చోట గట్టు నిట్టనిలువుగా కోసి ఉంటుంది. దిగి ఎక్కే ప్రయత్నం వద్దు, నాలా వెంట లోపలికి రెండు మూడు వందల మీటర్లు నడిస్తే బండ్లు దాటే చోటు దొరుకుతుంది. దూరం పెరిగేది ఇలాగే.

ఇంకొకటి ముందే నిర్ణయించుకోండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు, దారి మధ్యలో వచ్చే విసాపూర్ ఊరికి ఎదురుగా ఉన్న నది వంపుకు రాకపోతే నడక అక్కడితో ఆపి, విసాపూర్ వైపు తిరిగి, హైవే మీద బస్సో ఆటోనో ఎక్కి బల్లార్షా కోటకు వెళ్లండి. ఆ క్షణంలో వాదన పెట్టుకుంటే ఎవరూ ఆగరు, అందుకే ముందు రోజు రాత్రే ఒప్పందం చేసుకోవాలి.


బురుజుమీద:
బండ్లబాట గారు చెప్పినదానికి కోటల వైపు నుంచి కలుపుతాను.

మొదటి రోజు ఉదయం ఏడుకల్లా జట్పురా దర్వాజా దగ్గర ఉండండి. ఇది ఉత్తరపు దర్వాజా, ఇప్పటికీ ఊరి బండ్లన్నీ దాని కిందుగానే పోతాయి. తొమ్మిది దాటితే ఆగి తలెత్తి చూసే వీలుండదు. చూడాల్సింది దర్వాజాకు రెండు వైపులా ఉన్న శిల్పం: సింహంలాంటి మృగం, దాని పంజాల కింద చిన్న చిన్న ఏనుగులు. గోండు రాజుల ముద్ర అది. మృగం ఎంత పెద్దగా, ఏనుగు ఎంత చిన్నగా చెక్కారో గమనించండి. తోక పైకి తిరిగి వీపు మీదికి వాలి ఉంటుంది. ఉదయపు ఎండ పక్కనుంచి పడినప్పుడే గీతలు తేలి కనిపిస్తాయి, మధ్యాహ్నం రాయి చదునుగా అనిపిస్తుంది.

పడమట బింబా, దక్షిణాన పఠాన్‌పురా, తూర్పున అచలేశ్వర్: నాలుగు దర్వాజాలు ఇవి. వీటి మధ్యన ఐదు చిన్న ద్వారాలున్నాయి, వాటిని ఖిడ్కీలు అంటారు: చోర్, విఠోబా, హనుమాన్, మసాన్, బగడ్. గోడ ఎత్తు పదిహేను నుంచి ఇరవై అడుగులు. జట్పురా నుంచి బింబా మీదుగా పఠాన్‌పురా దాకా పడమటి సగం నడవండి, మీ నది నడకకు అదే సరైన తొలి భాగం. ఇరాయి ఆ వైపే ప్రవహిస్తుంది. రెండు వైపులా రెండు నదులను పెట్టుకుని మధ్యలో గోడ ఎందుకు తిప్పారో కాగితం మీద మ్యాప్‌లో కంటే బురుజు మీద నిలబడితే బాగా తెలుస్తుంది. శత్రువుకు అడ్డమైన నదే వరదలో ఊరికీ ఆపద. ఇరాయి పొంగినప్పుడు ఆ వైపు బస్తీలలోకే మొదట నీళ్లొస్తాయి.

గోడ పైన నడిచే బాట ఎన్నో ఏళ్లు తుప్పలతో మూసుకుపోయి ఉండేది. 2017 నుంచి ఊరి స్వచ్ఛంద కార్యకర్తలు బురుజు తర్వాత బురుజు శుభ్రం చేస్తూ వచ్చారు. ఇప్పుడు చాలా చోట్ల మెట్లెక్కి పైన నడవవచ్చు. రావి, మర్రి మొలిచిన చోట మాత్రం చేయి ఆనించవద్దు. వేరు రాళ్ల మధ్య సున్నాన్ని చీల్చేస్తుంది, రాయి దాని బరువు మీదే ఆగి ఉంటుంది. దర్వాజాల పైకప్పులకు, బురుజుల అంచులకు పెద్ద తేనెపట్టులు ఉంటాయి. సెంటు పూసుకోవద్దు, కింద పొగ పెట్టొద్దు, బీడీ కూడా వద్దు. గోడకు ఆనుకుని ఇళ్లున్నాయి, పైనుంచి వాళ్ల పెరళ్లలోకి కెమెరా పెట్టకండి.

గోడ పుట్టుక గురించి ఇక్కడ చెప్పుకునే కథ మీ పిల్లవాడికి చెప్పండి. గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా ఒళ్లంతా పుండ్లతో బాధపడుతూ, వేటకు వెళ్లి ఝర్పట్ ఇసుకలో ఒక గుంటలో నీళ్లు తాగి ముఖం కడుక్కున్నాడట, పుండ్లు తగ్గాయట. ఆ చోటే అచలేశ్వర్. తర్వాత ఒక కుందేలు రాజు వేటకుక్కనే తరుముతూ వంకరటింకరగా చుట్టు తిరిగిందట. ఆ కుందేలు నుదుట తెల్లని చంద్రుడి మచ్చ. అది తిరిగిన జాడ మీదే గోడ కట్టించమని రాణి చెప్పిందట. కథ ఎలా ఉన్నా గోడ నిజంగానే ఎక్కడా తిన్నగా పోదు.

అచలేశ్వర్ గుడి, పక్కనే గోండు రాజుల సమాధులు: ఇక్కడ కనీసం గంట పెట్టుకోండి. గుడి బయటి గోడ నిండా చిన్న చిన్న శిల్పఫలకాలు, ఒకదాన్ని పోలినది మరొకటి లేదు. సమాధుల్లో పెద్దది బీర్ షాది, ఆయన రాణి హిరాయి కట్టించింది. దత్తపుత్రుడు రామ్ షా చిన్నవాడిగా ఉన్నప్పుడు రాజ్యం నడిపిందీ ఆమే, మహాకాళి గుడిని ఇప్పుడున్న రూపానికి తెచ్చిందీ ఆమే. మహాకాళి జాతర చైత్రంలో జరుగుతుంది, ఆ రోజుల్లో నాందేడ్ నుంచీ తెలంగాణ నుంచీ జనం విరగబడతారు. నడక కోసమైతే ఆ పక్షం వదిలేయండి.

పాత రాజకోట ఇప్పుడు జిల్లా జైలు. 1857 తిరుగుబాటు కాలంలో పోరాడిన బాబురావ్ శేడ్మాకేను 1858 అక్టోబర్ 21న ఉరితీసింది ఇక్కడే. బయట నుంచి నమస్కరించి కదలండి, ఆ గోడల వైపు ఫోటోలు తీయొద్దు.

తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది లాల్‌పేట ఏకశిలలు. ధుండ్యా రామ్ షా కాలంలో రాయప్ప అనే కోమటి పెద్ద శివాలయం కట్టాలని విగ్రహాలు చెక్కించడం మొదలుపెట్టాడట. గుడి లేవకముందే ఆయన పోయాడు, విగ్రహాలు ఆరుబయట పడుకుని ఉండిపోయాయి. అన్నిటికంటే పెద్దది పది తలల దుర్గ: పొడవు 26 అడుగులు, వెడల్పు 18 అడుగులు. పది తలలు చూసి జనం రావణుడు అంటారు. రెండో రోజు మహాకాళి గుడి దాటాక ఈ వైపే వస్తారు కాబట్టి అప్పుడు చూడండి.

బల్లార్షా కోట వార్ధాకు ఆనుకునే ఉంది. రెండు దర్వాజాలు ఒకదానికొకటి లంబకోణంలో పెట్టారు: మొదటిదాంట్లోంచి దూసుకొచ్చిన గుర్రమైనా ఏనుగైనా రెండో దర్వాజా కోసం వేగం చంపుకుని తిరగాల్సిందే. లోపల మహళ్లు కూలిపోయాయి, పునాదులు, గోడల మొండేలు మిగిలాయి. 1751లో నాగ్‌పూర్ భోంస్లేలు చాందా రాజ్యాన్ని కలుపుకున్నాక చివరి రాజు నీలకంఠ షాను బంధించింది ఈ కోటలోనే. నేలమాళిగ దారులు కనిపిస్తే తల కూడా పెట్టకండి, గాలి ఆడదు, పైకప్పు రాయి ఎప్పుడు జారుతుందో చెప్పలేం. ఖాండ్క్యా బల్లాళ్ షా సమాధి కోటలో కాదు, ఊళ్లో వేరేగా ఉంది. ఓపిక మిగిలితే ఆటోలో వెళ్లండి.


తునికాకు:
అన్నా, కోటల ముచ్చట చెప్పిన్రు, అడవి ముచ్చట నేను చెప్త. పులి తాడోబా పులుల అడవిల్నే ఉంటదని అనుకోకుండ్రి. థర్మల్ స్టేషన్ చుట్టూ, గనుల మట్టిదిబ్బల మీద మొలిచిన సర్కారు తుమ్మలల్ల, నాలాల పొంట పులి, చిర్తపులి, ఎలుగుబంటి మూడూ తిరుగుతయి. అక్కడ అడవిపందులున్నయి, నీళ్లున్నయి, పగలు మనిషి అడుగు పెట్టడు. దానికి ఇంకేం కావాలె? అందుకే చెట్లు చూసి లెక్క కట్టొద్దు, పొద చూసి కట్టాలె. బోడి చేను మంచిది, నడుమెత్తు పొద మంచిది కాదు.

నది పక్కకు ఎనిమిది గంటలకు ముందు దిగొద్దు, నాలుగున్నరకల్లా ఊళ్లె ఉండాలె. ఆరుగురూ పది అడుగుల లోపలే నడువుండ్రి, పిల్లగాడు నడిమిట్ల. ముందటోడు ఫోటో తీసుకుంటనని ఆగితే అందరూ ఆగాలె. చెవులల్ల పాటలు పెట్టుకోవద్దు, మాట్లాడుకుంట నడువుండ్రి. మనిషి చప్పుడు ముందే వింటే పులి పక్కకు తప్పుకుంటది.

అన్నిటికన్న ముఖ్యం, పొదల పక్కన వంగొద్దు, కూసోవద్దు. ఈ జిల్లాల మనుషులు చచ్చిపోయేది ఎక్కువ ఇప్పపువ్వు ఏరేటప్పుడు, తునికాకు తెంపేటప్పుడు. వంగి ఉన్న మనిషి పులికి నాలుగు కాళ్ల జంతువు లెక్క కనవడతడు. దొడ్డికి పోవాలంటే నడి చేన్ల కూసోవాలె, ఇంకొకరు పక్కన నిలవడాలె, సిగ్గు పడొద్దు. బూటు తాడు కట్టుకునేటందుకు గూడ చేన్లకు రాండ్రి.

ఎదురైతే ఉరుకొద్దు, వీపు చూపొద్దు. ఆరుగురు దగ్గరికి జరిగి, పిల్లగాన్ని ఎత్తుకుని, ముఖం అటే ఉంచి మెల్లగ వెనకకు రావాలె. ఎలుగు పిల్లలతోటి ఉంటే పులికన్న చెడ్డది, దూరం నుంచే తిరిగి పోవాలె. నాలా ఇసుకల పంజా గుర్తు అంచులు ఇంకా పదునుగ ఉన్నయంటే అది కొత్తది, ఆ నాలా విడిచిపెట్టి పైకెక్కుండ్రి. మహారాష్ట్ర అటవీశాఖ నంబర్ 1926, పోలీసుకు 112. బయల్దేరేటి ముందటి రోజు బల్లార్షా రేంజ్ ఆఫీసుల మీ దారి చెప్పి అడుగుండ్రి. ఏ వైపు జంతువు తిరుగుతున్నదో వాళ్లకు ఆ వారం సంగతి తెలుస్తది. వద్దు అంటే వద్దు, ఆ రోజు కోటగోడ ఇంకోపారి తిరుగుండ్రి.

ఇంకోటి, పులికన్న ఎక్కువ భయపడాల్సింది కరెంటు తీగకు. పందుల కోసమని కొందరు చేను చుట్టూ సన్నటి జీఐ తీగ గుంజి నేరుగ లైన్ నుంచి కరెంటు ఇస్తరు. అది చట్టవిరుద్ధం, అయినా పెడ్తరు. సోలార్ కంచె అయితే డబ్బా, బోర్డు ఉంటయి, దెబ్బ కొట్టి వదిలేస్తది. ఈ తీగ వదలదు. మోకాలెత్తుల కట్టెలకు కట్టి ఉంటది, గడ్డిల కనవడదు. పగలు తీసేస్తరని నమ్మకం పెట్టుకోవద్దు. ఏ తీగనూ ముట్టొద్దు, దాటొద్దు, కట్టెతోటి గూడ లేపొద్దు. చేను చుట్టు తిరిగి పోవాలె. చేన్ల మనిషి కనవడితే కేకేసి అడిగి అడుగు పెట్టాలె.


వార్ధాగట్టు:
అందరికీ ధన్యవాదాలు. రెండు రోజులు, చంద్రపూర్ నుంచి బల్లార్షాకు, అని మార్చేశాం. ఒక సందేహం. ఉపగ్రహ మ్యాప్‌లో లాల్‌పేట దాటాక నదికీ గనికీ మధ్యనుంచి తెల్లటి బాట ఒకటి కనిపిస్తోంది. అది పట్టుకుంటే రోడ్డెక్కకుండా నది పక్కనే పోవచ్చా?


ఓబీదిబ్బ:
పోవద్దు. అది బాట కాదు, గని లోపలి డంపర్ల రోడ్డు అయ్యుంటుంది. గని హద్దులోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. పైగా ఉపగ్రహ చిత్రం ఎప్పటిదో మీకు తెలియదు. బొగ్గు పైనున్న మట్టిని తీసి పోసే దిబ్బలు, ఓబీ అంటారు, నెలనెలా జరుగుతుంటాయి. నిరుడు బాట ఉన్న చోట ఇవాళ నలభై మీటర్ల దిబ్బ ఉండవచ్చు. వదులుగా పోసిన మట్టి అది, వానకు లోపల నీరు పట్టి చలికాలంలో కూడా జారుతుంది. దిబ్బ కాలి దగ్గర నడవడం పైకెక్కడం కంటే ప్రమాదం.

పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల్లో పేలుళ్లు సాధారణంగా మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు పెడతారు. ముందు సైరన్ మోగుతుంది, ఎర్రజెండాలతో మనుషులు బాటల మీద నిలబడతారు. ఐదు వందల మీటర్ల దాకా రాయి ఎగిరి రావచ్చని లెక్క. సైరన్ వింటే గనికి దూరంగా నడవండి, ఏదైనా గట్టి కట్టడం వెనక నిలబడండి, రెండోసారి సైరన్ మోగేదాకా కదలొద్దు.

మీరు చూడలేని ప్రమాదం పాత భూగర్భ గనులది. బొగ్గు తీసిన ఖాళీ మీద నేల మెల్లగా కుంగుతుంది. 2022 ఆగస్టులో ఈ జిల్లాలోనే ఘుగ్గుస్‌లో ఒక ఇల్లే నేలలోకి దిగబడిపోయింది. చేలల్లో అయితే గడ్డి కప్పిన పొడుగాటి చీలికలుగా, పళ్లెంలా లోతుపడి నీళ్లు నిలిచిన జాగాలుగా తెలుస్తుంది. రేగడి నెర్రె వేలెడు వెడల్పు, వలలా నలుదిక్కులా పాకుతుంది. కుంగుడు చీలిక ఒకే గీతగా సాగుతుంది, ఒక అంచు రెండో అంచు కంటే కిందికి ఉంటుంది. అలాంటిది కనిపిస్తే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగండి. నేలలోంచి పొగ, కుళ్లిన గుడ్ల వాసన వస్తే కింద బొగ్గు తనంతట తాను రాజుకుని మండుతోందన్నమాట, పైపొర పెంకులా పలచబడి ఉంటుంది. బూడిద నిలవ ఉన్న మడుగులు కూడా అంతే, పైన ఎండి తెల్లగా చదునుగా ఉంటాయి, అడుగు పెడితే లోపల గుజ్జు.

నా సలహా ఒక్కటే. లాల్‌పేట ఏకశిలలు చూశాక బాబూపేట వైపు వచ్చి, బల్లార్షా రోడ్డు మీద ఆటో ఎక్కి గనుల ముక్క దాటేయండి. ఐదారు కిలోమీటర్లు తగ్గుతాయి, పెద్దవాళ్లకూ సుఖం. గనులు వెనకబడ్డాక కుడివైపు చేలల్లోకి దిగి వార్ధా గట్టు అందుకోండి. అక్కడి నుంచి కోట దాకా మిగిలేదే అసలు అందమైన నడక. పూర్తిగా కాలినడకనే చేశామన్న లెక్క కోసం గని పక్కనుంచి పోవడంలో అర్థం లేదు.


బండ్లబాట:
ఓబీదిబ్బ గారి మాటే ఖాయం చేసుకోండి. అప్పుడు రెండో రోజు ఇలా సాగుతుంది. ఏడున్నరకు అచలేశ్వర్ వంతెన, ఎనిమిదికి మహాకాళి, ఎనిమిదిన్నరకు ఏకశిలలు, తొమ్మిదింటికి ఆటో, తొమ్మిదిన్నర లోపల చేలల్లో. పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల నడక మిగులుతుంది, అందులో రోడ్డూ ఊరూ పోను గట్టు భాగం పది పైచిలుకు. మూడున్నరకు బల్లార్షా కోటలో ఉంటారు, ఎండ వాలే దాకా గంట చూడొచ్చు. పన్నెండున్నర విసాపూర్ నియమం మాత్రం మార్చకండి.

నీళ్లు పెద్దవాళ్లకు తలా నాలుగు లీటర్లు, పిల్లవాడికి రెండున్నర. మొత్తం మోయక్కర్లేదు, సగం మోసి, మిగతా సగం రోడ్డు పక్క దుకాణాల్లో ఆటో ఎక్కేటప్పుడు కొనుక్కోండి. నది నీళ్లు ఏ రకంగానూ తాగొద్దు. క్లోరిన్ బిళ్ల క్రిములను చంపుతుంది కానీ థర్మల్ బూడిదను, గని నీళ్లను, కార్ఖానా మురుగును ఏమీ చేయదు. కాచినా అంతే. ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు ఉంచుకోండి. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే మొత్తం కలపాలి, రుచి కోసం గాఢంగా కలిపితే దప్పిక ఇంకా పెరుగుతుంది.

డిసెంబర్ పొద్దున చలి గట్టిగా ఉంటుంది, పదకొండుకల్లా చొక్కా తడుస్తుంది. మందపాటి స్వెటర్ ఒకటి కాకుండా పలచటివి రెండు పొరలు వేసుకోండి. బూటు మడమ మూసేది కావాలి. ఆ వారం వాన పడిందంటే రేగడి ప్రతి బూటుకూ కిలో బరువున అంటుకుంటుంది, గంటకు రెండు కిలోమీటర్లు కూడా నడవలేరు. అలాంటప్పుడు గట్టు నడక మానేసి కోటలు రెండే చూడండి. పత్తి తీసేసిన చేలల్లో మోళ్లు బూటు అడుగును చీలుస్తాయి, సాళ్ల మధ్యన నడవాలి. ప్యాంటు లావుది, పొడుగుది వేసుకోండి, ఉత్తరేణి, పల్లేరు వదలవు. తలా ఒక కర్ర. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు, కాలు కదపకుండా రోడ్డుకు చేర్చి, చంద్రపూర్ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చే వీలున్న చోటికే నేరుగా పోవాలి.

వార్ధాలో దిగాలనిపిస్తుంది, నీళ్లు మోకాలి లోతే కనిపిస్తాయి. ఇసుక తవ్విన చోట అదే నీటి అడుగున రెండు నిలువుల గుంత ఉంటుంది, అంచు ఇసుక కాలి కింద జారిపోతుంది. పిల్లవాడి చేయి వదలకండి, కోట దగ్గర కూడా. ఇసుక ట్రాక్టర్లు తిరిగే బాటలు మాత్రం మీకు పనికొస్తాయి, గట్టు నుంచి రోడ్డుకు అన్నిటికంటే తిన్నగా పోయేవి అవే. వర్షాకాలంలో రాజూరా వంతెన మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయే నది ఇది. జూన్ నుంచి అక్టోబర్ సగం దాకా ఈ నడక ఎవరికీ చెప్పను. మార్చి దాటాక ఎండ చంపేస్తుంది, మేలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకానే.

తిండికి పొద్దున చంద్రపూర్‌లో తర్రీ పోహా తినేయండి, ఏ బండి దగ్గరైనా దొరుకుతుంది. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, పల్లీల చట్నీ, అరటిపళ్లు కట్టుకోండి. గట్టు మీద పొయ్యి వెలిగించొద్దు, ఎండిన గడ్డి, కోయని కంది చేలు పక్కనే ఉంటాయి.

రైలు టికెట్టు దగ్గర ఒక జాగ్రత్త. కాగజ్‌నగర్ నుంచి ఢిల్లీ లైన్ మీద వస్తే బల్లార్షా తర్వాత వచ్చేది చంద్రపూర్ స్టేషన్, మీరు దిగాల్సింది అక్కడే. చాందా ఫోర్ట్ అనే స్టేషన్ వేరే, అది గోందియా లైన్ మీద ఉంది. పేరు చూసి కోట పక్కనే అనుకుని అటు బుక్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. తిరుగు ప్రయాణానికి బల్లార్షా నుంచి రాత్రి ఏడు దాటాక ఉన్న రైలే తీసుకోండి, విసాపూర్‌లో ఆగిపోవాల్సి వచ్చినా కోట చూసుకుని నిదానంగా స్టేషన్ చేరవచ్చు.